జెండా కుడిచేతి వైపు

టెక్కలి తీర్థంలో మా ఎర్రగుర్రం ఓడిపోతుందని నాకు పన్నెండు రోజుల ముందే తెలుసు. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు ఓడిపోయిందో తర్వాత ఒకరికి చెప్పాను గాని, ముందే తెలుసునన్న ముక్క దాచేశాను. అడిగినప్పుడు అబద్ధమాడాను.

అరవైల చివరి మాట. మాది ఉద్దానంలో సముద్రానికి మైలు దూరంలో ఉన్న ఊరు. ఇంటి వెనక కొబ్బరితోట, అది దాటితే జీడితోట, ఆ తర్వాత మొగలి పొదలు, ఇసక దిబ్బలు, నీళ్ళు. నాకు పందొమ్మిదేళ్ళు. టెక్కలిలో చుట్టాలింట ఉండి ఎస్సెల్సీ పూర్తి చేసి ఇంటికి వచ్చేసి మూడేళ్ళయింది. లైబ్రరీ పుస్తకాలు ఎవరు టెక్కలి వెళితే వాళ్ళ చేత తెప్పించుకునేదాన్ని. తెచ్చేవాళ్ళకు పుస్తకం పేరు చెప్పడానికి కూడా సిగ్గే. చీటీ రాసి ఇచ్చేదాన్ని. ఇంటికి ఎవరైనా వస్తే వంటింట్లోకి వెళ్ళి నిలబడేదాన్ని.

ఒక నోటుపుస్తకం ఉండేది. రోజూ మధ్యాహ్నం పడమటింటి గుమ్మం దగ్గర కూర్చుని అందులో రాసేదాన్ని. అమ్మ దాన్ని రామకోటి అనుకునేది. నేను కాదనలేదు. పొరుగింటి వాళ్ళతో కూడా మా అమ్మాయి రామకోటి రాస్తోందని చెప్పుకుంది. అందువల్ల ఆ పుస్తకాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు.

గుర్రం వచ్చాక అందులో సగం గుర్రమే.

నాన్న దాన్ని పర్లాకిమిడి వైపు నుంచి రెండేళ్ళ పిల్లగా తెచ్చాడు. ముదురు చింతపండు రంగు. నుదుటి మీద వేలు పెట్టినంత తెలుపు. మా ప్రాంతపు తీర్థాల్లో, అంటే అమ్మవార్ల జాతరల్లో, గుర్రప్పందేలు మామూలే. కోసేసిన చేలల్లోనో ఒడ్డు మీదనో ఒక జెండా పాతుతారు. గుర్రాలన్నీ అక్కడిదాకా పరిగెత్తి, జెండాను చుట్టి, బయల్దేరిన చోటికి రావాలి. ముందొచ్చిన దానికి దండ, రౌతుకి పంచె. నాన్న చిన్నప్పుడు తాతగారికి గుర్రాలుండేవట. ఆయన పోయాక అవీ పోయాయి. నాన్న ఈ పిల్లగుర్రాన్ని చూస్తూ తన చిన్నతనాన్ని చూసుకునేవాడనుకుంటాను. ఆ ఏడాది పంటలు కోశాక నాలుగు తీర్థాల్లో పరిగెత్తించాలని, చివరిదైన టెక్కలిలో అది గెలిస్తే ఉంచుకోవాలని, లేకపోతే వదిలేయాలని మా మావయ్యతో అనేశాడు. వదిలేయడం అంటే అమ్మేయడమే. పలాసలో రైళ్ళకు జట్కా తోలేవాడొకతను అప్పటికే రెండుసార్లు వచ్చి దాని కాళ్ళు తడిమి చూసి వెళ్ళాడు.

మావయ్య అంటే అమ్మ అన్నయ్య. పక్కూరే. గుర్రాన్ని చూసిన మొదటి రోజే దాని ఎడమ కంటి కింద సుడి ఉందని కనిపెట్టాడు. వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటు. దాన్ని కన్నీటి సుడి అంటారని, అలాంటి గుర్రం ఉన్న ఇంట్లో ఆడవాళ్ళు ఏడుస్తారని చెప్పాడు. అమ్మ వెంటనే ఏడ్చింది. నాన్నకు సగం నమ్మకం, సగం కోపం.

ఈ సుడి గోల రౌతుకు అస్సలు పట్టేది కాదు. రౌతు యాభై దాటినవాడు, ఎండిన కొబ్బరి మట్టలా తేలికగా ఉండేవాడు. తాతగారి గుర్రాలనూ అతనే తోలాడట. ఇరవై ఏళ్ళు తోటపని చేసి, మళ్ళీ ఒక గుర్రం కళ్ళెం చేతికి వచ్చేసరికి అతని నడకే మారిపోయింది. నేను అతన్ని తాతా అనేదాన్ని. మావయ్య సుడి మాట ఎత్తినప్పుడల్లా అతను మొహం అమాయకంగా పెట్టేవాడు.

"ఆ సుడి దానికి కనపడదు బాబూ. కంటి కింద ఉన్నాది కదా" అన్నాడొకసారి.

"నీ బుర్ర మీద ఎంట్రుకే నేదు. సుడి గురించి నీకేటి తెలుత్తాదిరా" అన్నాడు మావయ్య.

నాన్న నవ్వాపుకోలేక లేచి వెళ్ళిపోయాడు.

గుర్రం ఏపాటిదో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవారు. నాన్న ఛాతీ చూసేవాడు. మావయ్య సుడులు లెక్కపెట్టేవాడు. రౌతు మాత్రం పరుగు అయ్యాక అది నీళ్ళు ఎలా తాగుతుందో చూసేవాడు. బకెట్లో మూతి ముంచి గడగడా తాగేస్తే దమ్ము చాలలేదని, ఒక గుక్క తాగి తల ఎత్తి చెవులు కదిపితే ఇంకా పరుగు మిగిలి ఉందని అనేవాడు. మాది ఎప్పుడూ తల ఎత్తేది.

నేను పొద్దున్నే పువ్వులకని జీడితోట చివరిదాకా వెళ్ళి, మొగలి పొదల పక్క నుంచి చూసేదాన్ని. రౌతు దాన్ని ఒడ్డు మీద దక్షిణంగా పరిగెత్తించేవాడు. దూరంగా ఒక విరిగిన పడవ ఇసకలో కూరుకుపోయి ఉండేది. దాన్ని చుట్టి తిరిగొచ్చేవారు. మొదటి వంద గజాలు అది బద్ధకంగా వెళ్ళేది. తర్వాత మెడ చాచేది. మెడ చాచాక దాని కాళ్ళ చప్పుడు వినిపించేది కాదు, ఇసక ఎగరడమే కనిపించేది. ఇవన్నీ రాసుకున్నాను. గాలి ఎటు, ఎండ ఎటు, నేల గట్టిదా మెత్తదా, అన్నీ. ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. చేతులు ఊరికే ఉండేవి కావు.

మొదటి పందెం అక్కుపల్లి ఒడ్డున. మేము ఆడవాళ్ళం గూడుబండిలో వెళ్ళి దిబ్బ మీద ఆగాం. అయిదు గుర్రాల్లో మాదే చిన్నది. రెండు గుర్రాల పొడవు ముందొచ్చింది. నాన్న ఎవరెవరినో కౌగలించుకున్నాడు. మావయ్య, ఇసక మీద పుట్టింది కాబట్టి ఇసక మీద గెలిచిందన్నాడు. అది ఇసక మీద పుట్టలేదు.

రెండోది నిమ్మాడలో, కోసిన చేలల్లో. జెండా దాకా మాదే ముందుంది. తిరిగి వచ్చేటప్పుడు మూడోది అయింది. వరి మోళ్ళు కాళ్ళకు గుచ్చుకున్నాయన్నారు. మావయ్య కంటి కింద వేలు పెట్టి చూపించాడు.

మూడోది సుమ్మాదేవి దగ్గర. దానికి మేము వెళ్ళలేదు. సాయంత్రం రౌతు వాకిట్లో నిలబడి నాన్నకు మొత్తం పరుగు మళ్ళీ చేసి చూపించాడు. రైలు కూత వేసినా బెదరలేదట. వరి మోళ్ళు అక్కడా ఉన్నాయట. జెండా దగ్గరికి వచ్చేసరికి అతను కళ్ళెం పట్టుకున్నట్టు చేతులు పెట్టి, ఎడమ మోచెయ్యి వెనక్కి లాగి, ఒళ్ళంతా ఎడమకు వంచి, ఇలగ తిరిగిపోనాది బాబూ అన్నాడు. ఆ పందెం గెలిచింది. నేను తలుపు వెనక నుంచి ఆ మోచెయ్యి చూశాను.

లోపలికి వెళ్ళి నోటుపుస్తకం తీశాను. అక్కుపల్లిలో జెండా ఎడమచేతి వైపు, అంటే గుర్రం ఎడమకు తిరగాలి. సుమ్మాదేవిలో ఎడమచేతి వైపు. నిమ్మాడలో కుడిచేతి వైపు. రోజూ పొద్దున్న విరిగిన పడవ దగ్గర? ఎడమచేతి వైపు. దక్షిణంగా వెళుతుంటే సముద్రం ఎడమ పక్కన ఉంటుంది. కుడి పక్కన మెత్తటి దిబ్బ, అక్కడ గుర్రం కాలు దిగబడుతుంది. అందుకని రౌతు దాన్ని ఎప్పుడూ తడి ఇసక వైపే తిప్పి తెచ్చేవాడు. ఏడాదిన్నరగా, రోజూ. ఆ గుర్రం పుట్టాక పరుగులో కుడికి తిరగడం ఎవరూ నేర్పలేదు.

చూడగానే నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు వేడెక్కింది. ఇంత చిన్న సంగతి ఇంతమందికి తెలియకపోవడం, నాకు తెలియడం.

మూడు రోజులకు టెక్కలి నుంచి తీర్థం కరపత్రం వచ్చింది. నాన్న కళ్ళజోడు కాడ విరిగి ఉంది. నన్ను పిలిచి చదవమన్నాడు. మావయ్య పడక కుర్చీలో ఉన్నాడు, రౌతు అరుగు కింద చతికిలబడి ఉన్నాడు. నేను గుమ్మం పట్టుకుని చదివాను. అమ్మవారి సంబరం, సాముగరిడీలు, భజన, గుర్రప్పందెం. పోటీదార్లకు సూచనలు. రెండో సూచన, జెండాను కుడిచేతి వైపు ఉంచి తిరిగి రావలెను.

చదివి ఆగిపోయాను.

"ఏటమ్మా ఆగిపోనావు?" అన్నాడు నాన్న.

నోట్లో మాట తయారుగా ఉంది. మావయ్య నా వైపు చూశాడు. కిందటి వారమే ఆయన, సుడికి పరుగుకి సంబంధం ఏమిటని నేను అమ్మతో గొణిగితే విని, పుస్తకాలు సదివినోళ్ళందరూ పందేలు గెలిపించీసినట్టే అని పదిమందిలో అన్నాడు. ఇప్పుడు చెప్తే ఎలా తెలిసిందంటారు. పుస్తకం తెమ్మంటారు. ఆ పుస్తకంలో గుర్రం ఒక్కటే లేదు. అమ్మ మీద, నాన్న కోపం మీద, మావయ్య గురక మీద కూడా రాశాను. రామకోటి కాదని తెలుస్తుంది.

"ఏం లేదు నాన్నా" అని మూడో సూచన చదివాను.

ఆ రోజు నుంచి పందేనికి పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ నేను ఒక చోట కూర్చోలేదు. పుస్తకం తెరిస్తే ఒకే పేజీ నాలుగుసార్లు చదివేదాన్ని. మజ్జిగ తీసుకుని నాన్న దగ్గరికి వెళ్ళి, ఉప్పు సరిపోయిందా అని అడిగి వచ్చేసేదాన్ని. తోట చివరికి వెళితే రౌతు దాన్ని పడవ దగ్గర ఎప్పటిలాగే ఎడమకు తిప్పుతూ కనిపించేవాడు. చూడలేక పువ్వులు కోయకుండానే వచ్చేసేదాన్ని. పువ్వులేవని అమ్మ అడిగేది. గాలికి రాలిపోయాయనేదాన్ని. ఆ రోజుల్లో గాలి కూడా ఆగలేదు. కొబ్బరి మట్టలు పగలంతా ఒకదాన్నొకటి కొట్టుకుంటూనే ఉండేవి, పని చేసుకుంటుంటే ఎవరో వెనక నుంచి పిలుస్తున్నట్టుండేది.

ఒక రోజు చిన్న కాగితం మీద, దీనికి కుడికి తిరగడం రాదు, నేర్పించండి అని రాశాను. రాశాక గుర్తొచ్చింది, రౌతుకు చదువు రాదు. అయితే నాన్నకే అని, కళ్ళజోడు బాగయ్యాక ఆయన రోజూ తిరగేస్తున్న పంచాంగంలో మర్నాటి పేజీలో పెట్టాను. నా దస్తూరీ తెలియకుండా అక్షరాలు వంకరగా రాశాను. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. తర్వాత ఇంట్లో రాయగలిగేవాళ్ళు నాన్న కాక నేనొక్కదాన్నే అని తట్టింది. పరుగున వెళ్ళి ఆ కాగితం తీసి పొయ్యిలో పెట్టేశాను. అది కాలుతుంటే నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

టెక్కలికి అందరం వెళ్ళాం. ఊరి బయట చేలల్లో జనం. ఆరు గుర్రాలు. బొబ్బిలి వైపు నుంచి ఒక బూడిద రంగు గుర్రం వచ్చింది, దాని పేరు అందరూ భయంగా చెప్పుకుంటున్నారు. మా ఎర్రది మొదటి వంద గజాలు వెనకబడింది. తర్వాత మెడ చాచింది. బూడిద గుర్రాన్ని దాటింది. నేను బండి గూడు పట్టుకుని నిలబడ్డాను. ఒక్క క్షణం, నేను రాసుకున్నదంతా తప్పేమో, అలా అయితే ఎంత బాగుండునో అనుకున్నాను.

జెండా దగ్గర రౌతు కుడి కళ్ళెం లాగాడు. గుర్రం తల ఎడమకు విసిరింది. అతను మళ్ళీ లాగాడు. అది తిరగలేదు, నేరుగా వెళ్ళిపోయింది, అటు పక్క నిలబడ్డ జనం చెదిరిపోయారు. చాలా దూరం వెళ్ళి పెద్ద సున్నాలా చుట్టి వచ్చేసరికి మిగిలినవి సగం దారి వచ్చేశాయి. అయినా వాటి వెనక పరిగెత్తింది. ఒకదాన్ని దాటి అయిదోదిగా వచ్చింది. డప్పుల వాళ్ళు అప్పటికే బూడిద గుర్రం చుట్టూ చేరారు. మా గుర్రం బకెట్లో ఒక గుక్క తాగి, తల ఎత్తి, చెవులు కదిపింది.

మావయ్య ముందే చెప్పానని అనలేదు. అని ఉంటే బాగుండేది. నాన్న పలాస మీదుగా తిరిగొస్తూ, బేరం ఖాయమైనట్టు జట్కా అతనికి తాంబూలం ఇచ్చేశాడు. అయిదు రోజుల తర్వాత మంచి రోజు ఉందని, ఆ రోజు గుర్రాన్ని పంపుతానని మాట.

మర్నాడు పొద్దున్న నేను గుర్రం పాకలోకి వెళ్ళాను. అంతకు ముందు ఎప్పుడూ వెళ్ళలేదు. రౌతు గడ్డి పరకతో దాని వీపు రుద్దుతున్నాడు. ఏడ్చి అతని మొహం వాచి ఉంది.

"తాతా, అది కుడికి తిరగదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏటమ్మా?"

"పడవ దగ్గర ఎప్పుడూ ఎడమకే తిప్పుతావు. సముద్రం వైపు. నిమ్మాడలో కూడా కుడే."

అతను రుద్దడం ఆపాడు. రెండు చేతులూ గాల్లో కళ్ళెంలా పెట్టి, ఎడమకు వంగాడు, కుడికి వంగాడు. మళ్ళీ ఎడమకు. తర్వాత అలాగే కిందికి కూర్చుండిపోయాడు.

"నిజిమే. నానెప్పుడూ తడి ఇసకే సూసినాను. దీని నోరు ఎడమకే నానే కట్టీసినాను" అన్నాడు. తల ఎత్తి, "ఎప్పుడు తెలిసినాదమ్మా మీకు?" అని అడిగాడు.

"టెక్కలిలో. చూస్తుంటే" అన్నాను.

అతను నన్ను మెచ్చుకున్నాడు. ఆడపిల్లలు ఎంత కనిపెడతారో అన్నాడు. నాకు అక్కడ నిలబడడం చేతకాలేదు.

ఆ నాలుగు రోజులూ అతను గుర్రాన్ని ఉత్తరంగా తీసుకెళ్ళాడు. అటు వెళితే సముద్రం కుడి పక్కకు వస్తుంది. మొదటి రోజు నడిపించి తిప్పాడు. అది తల విసిరింది, వెనక కాళ్ళు ఎత్తింది. రెండో రోజు నడకలో తిరిగింది. మూడో రోజు చిన్న పరుగులో. నాలుగో రోజు నాన్నను పిలిచి, తప్పంతా తనదేనని, ఒకసారి చూడమని బతిమాలాడు. నా మాట ఎత్తలేదు. నాన్న మొగలి పొదల దగ్గర నిలబడ్డాడు. నేను పువ్వుల బుట్టతో వెనక. గుర్రం మెడ చాచి పరిగెత్తి, ఇసకలో గుచ్చిన కర్రను కుడివైపుగా, దాదాపు ఒరుసుకుంటూ తిరిగి వచ్చింది.

 నాలుగు రోజుల్లో నేర్చేసింది అన్నాడు నాన్న. నా దగ్గర అప్పుడు పన్నెండు రోజులు ఉన్నాయి.

రౌతు ఆయన ఎదురుగా నిలబడి ఇంకొక్క ఏడాది ఉంచమని అడిగాడు. నాన్న తాంబూలం ఇచ్చేశానన్నాడు. ఇచ్చిన తాంబూలం వెనక్కి అడిగిన మనిషి మా వంశంలో లేడు. పైగా కొండల పక్క గిరిజనుల గొడవలు ముదురుతున్నాయి, రోడ్ల మీద పోలీసు జీపులు తిరుగుతున్నాయి, వచ్చే ఏడు తీర్థాలు జరగనిస్తారో లేదో ఎవరికీ తెలియదు. ఇవన్నీ రౌతుకు చెప్తున్నట్టు తనకు తానే చెప్పుకున్నాడు. ఇంటికి వస్తుంటే ఇసకలో ఆయన అడుగుల్లో అడుగు వేస్తూ వెనక నడిచాను. జీడితోటలోకి వచ్చాక, నాన్నా అన్నాను. ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎండగా ఉంది, తల మీద తువ్వాలు వేసుకో అన్నాను. వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రౌతు గుర్రాన్ని బయటికి తెచ్చాడు. పలాస దాకా నడిపించుకుని వెళ్ళి అప్పగించి, అటునుంచి అటే అక్కుపల్లిలో కూతురింటికి పోతానన్నాడు. తోటపనికి మళ్ళీ రానని నాన్నతో ముందు రోజే చెప్పేశాడట. అమ్మ దాని నుదుటి తెలుపు మీద పసుపు రాసి, లోపలికి పోయింది. మావయ్య రాలేదు. నాన్న పెరట్లో నీళ్ళు తోడుతూనే ఉన్నాడు, తొట్టి నిండి పొర్లుతున్నా.

నేను వాకిలి తడక దగ్గర నిలబడ్డాను. అప్పుడైనా చెప్పేద్దామనుకున్నాను. పన్నెండు రోజుల మాట, కాగితం మాట. ఆ మనిషి తప్పంతా తన నెత్తిన వేసుకుని వెళ్ళిపోతున్నాడు. ఒక అడుగు ముందుకు వేశాను. గుర్రం నా వైపు చెవులు తిప్పింది. రౌతు కళ్ళెం పొట్టిగా పట్టుకుని, నా మొహం చూసి, గుర్రం కోసం ఏడుస్తున్నాననుకున్నాడు కాబోలు, గొంతు తగ్గించి అన్నాడు.

"తడకేసుకోండి అమ్మాయిగోరూ. ఇది ఎనక్కి సూసినాదంటే మరి కదల్దు."